లెక్కలంటే హడలిపోయిన పిల్లవాడు పిట్టల పెద్దాయన అయ్యాడు: సాలిం అలీ జీవితం

మన ఇళ్లల్లో ఇట్లాంటి పిల్లలు ఉంటారు. మాటల్లో జహీన్. కథ ఒక్కసారి చెప్తే చాలు, నెల తర్వాత కూడా పొల్లు పోకుండా అప్పజెప్తాడు. ఇంట్లో ఏదైనా వస్తువు పాడైతే తేడా ఎక్కడుందో పెద్దోళ్లకంటే ముందే పట్టేస్తాడు. కానీ పుస్తకం తెరిస్తే అక్షరాలు తారుమారైపోతాయి. పొద్దున నేర్చిన ఎక్కం సాయంత్రానికి మాయం. బడిలో వాడికి మొద్దు అని పేరు పడుతుంది. ఇంట్లో మనం బద్ధకం అంటాం. జగిత్యాల కావచ్చు, కోరుట్ల కావచ్చు, మరమగ్గాల చప్పుడు ఆగని సిరిసిల్ల కావచ్చు, అమ్మీ అబ్బాల దిగులు మాత్రం ఒక్కటే. వీడి గతి ఏం కావాలి అని.

ఆ దిగులు పడేవాళ్లు ఒక మనిషి జీవితం తెలుసుకోవాలి. ఆయన పేరు సాలిం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ. దేశమంతా సాలిం అలీ అంటుంది. భారతదేశంలో పిట్టల చదువుకు పెద్ద దిక్కు ఆయనే. బడి చదువులో మాత్రం అడుగడుగునా తడబడ్డాడు. ఆయనకు ఏ డాక్టరూ ఏ జబ్బు పేరూ పెట్టలేదు. ఇన్నేళ్ల తర్వాత మనమూ పెట్టొద్దు. ఆ పిల్లవాడిని ఏది నిలబెట్టిందో చూస్తే చాలు.

మామూ ఇంట్లో యతీం

సాలిం అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టారు. తొమ్మిది మంది పిల్లల్లో ఆఖరివాడు. ఏడాది నిండేసరికి తండ్రి మొయిజుద్దీన్ పోయారు. మూడేళ్లకు తల్లి జీనతున్నిసా కూడా పోయారు. పిల్లలందరినీ మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ ఖేత్వాడీలోని తన ఇంటికి తెచ్చుకున్నారు. మామూకు, ముమానీ హమీదా బేగంకు సొంత పిల్లలు లేరు. ఈ పిల్లలే వాళ్లకు ఇల్లు నింపిన సంతానం.

ఆ ఇల్లు సందడి ఇల్లు. వచ్చేపోయే చుట్టాలు, అన్నలు, అక్కలు, నౌకర్లు. అంత గోలలోనూ సాలిం తనకంటూ ఒక మూల చూసుకున్నాడు. అది గుర్రాల సావడి. అక్కడ గోడలో మేకు పక్కన ఒక చిన్న బొర్రె, అందులో పిచ్చుక గూడు. లోపల ఆడపిచ్చుక గుడ్ల మీద కూర్చుంటే మగపిచ్చుక మేకు మీద కాపలా కాసేది. పిల్లవాడు గుర్రబ్బండి చాటున నక్కి వాటినే గమనించేవాడు. ఆ రోజుల్లో ఖాతాపీతా ఇళ్లల్లో పిల్లల చేతికి గాలి తుపాకీ ఇవ్వడం వింతేమీ కాదు. సాలిం ఆ మగపిచ్చుకను కొట్టాడు. కాసేపటికే ఆడపిచ్చుక ఇంకో జోడీ తెచ్చుకుంది. దాన్నీ కొట్టాడు. మళ్లీ ఇంకొకటి వచ్చింది. ఏడు రోజుల్లో ఎనిమిది మగపిచ్చుకలు పోయాయి, మేకు మాత్రం ఖాళీగా ఉండలేదు.

పిట్టలను కొట్టడం ఇవాళ మనకు నచ్చే పని కాదు. తర్వాతి కాలంలో పక్షుల రక్షణ కోసమే ఆయన ఒళ్లు విరుచుకున్నారు. కానీ ఇక్కడ చూడాల్సింది ఇంకొకటుంది. ఆ పదేళ్ల పిల్లవాడు తాను చూసింది కాగితం మీద రాసుకున్నాడు. రోజులు లెక్కపెట్టాడు, పిట్టలు లెక్కపెట్టాడు. ఎవరూ రాయమనలేదు, ఎవరూ మార్కులు వేయలేదు. 1906-07 నాటి ఆ రాత దాదాపు 60 ఏళ్ల తర్వాత పక్షి ప్రేమికుల పత్రికలో అచ్చయింది. బడిలో లెక్కలంటే హడలిపోయిన ఆ పిల్లవాడే సావడిలో కూర్చుని ఇష్టంగా లెక్కపెట్టాడు.

గొంతు మీద పసుపు మచ్చ

ఒకరోజు కొట్టిన పిట్టల్లో ఒకటి వేరేగా కనిపించింది. చూడటానికి పిచ్చుకే గానీ గొంతు కింద పసుపు మచ్చ ఉంది, కూర మరక అంటినట్టు. దీన్ని ముసల్మాన్ తినొచ్చా లేదా అని పిల్లవాడికి సందేహం వచ్చింది. తీసుకుపోయి మామూను అడిగాడు.

అమీరుద్దీన్ సాహెబ్‌కు వేట తెలుసు గానీ ఆ పిట్ట పేరు తెలియదు. మనమైతే ఏమంటాం? పోయి చదువుకో, పిట్టలతో ఏం పని అంటాం. ఆయన అట్లా అనలేదు. ఒక సిఫారసు ఉత్తరం రాసి, బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి పొమ్మని మేనల్లుడి చేతిలో పెట్టారు. 1883లో మొదలైన ఆ సంస్థకు అప్పుడు డబ్ల్యు.ఎస్. మిల్లార్డ్ అనే ఇంగ్లీషాయన కార్యదర్శి.

పిల్లవాడు ఆ పెద్ద గది ముందు బెదురుతూ నిలబడ్డాడు. అప్పటిదాకా ఇంగ్లీషు దొరలతో మాట్లాడి ఎరగడు. మిల్లార్డ్ దగ్గరికి పిలిచి, పిట్టను చూసి, పసుపుగొంతు పిచ్చుక అని పేరు చెప్పారు. పంపించేయకుండా బీరువాలు తెరిచి సొసైటీ దగ్గరున్న పక్షులను ఒక్కొక్కటే చూపించారు. చదువుకోవడానికి పుస్తకాలిచ్చారు. తర్వాత క్యూరేటర్ కినియర్‌కు పరిచయం చేశారు. పక్షి చర్మాన్ని ఎట్లా భద్రం చేయాలి, నోట్సు ఎట్లా రాయాలి అన్నవి సాలిం అక్కడే నేర్చుకున్నాడు.

ఆ పిట్ట మన తెలంగాణ ఎండు అడవుల్లోనూ బతికే మామూలు పిట్టే. ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఆ మామూలు పిట్టే. అందుకే 1985లో రాసుకున్న ఆత్మకథకు ‘ద ఫాల్ ఆఫ్ ఎ స్పారో’ అని పిచ్చుక పేరే పెట్టుకున్నారు.

బడిలో వెనకబాటు

ఇక చదువు సంగతి. పదమూడేళ్ల వయసులో తీరని తలనొప్పి పట్టుకుంది. తరగతిలో కూర్చోలేక మాటిమాటికీ బడి మానేయాల్సి వచ్చేది. పొడి గాలి పడితే తగ్గుతుందని ఇంటివాళ్లు సింధ్‌లో ఉన్న బంధువు దగ్గరికి పంపారు. తిరిగొచ్చాక 1913లో బొంబాయి యూనివర్సిటీ మెట్రిక్ పరీక్ష ఎట్లాగో గట్టెక్కాడు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో చేరితే మొదటి ఏడాదే చుక్కలు కనపడ్డాయి. ఆల్జీబ్రా, లాగరిథమ్స్ కొరుకుడు పడలేదు. చదువు ఆపేసి బర్మా వెళ్లిపోయాడు. అక్కడ టవాయ్ దగ్గర కుటుంబానికి టంగ్‌స్టన్ ఖనిజం, కలప వ్యాపారం ఉండేది.

చుట్టాల కళ్లకు అది చదువు రాక పారిపోవడమే. కానీ టవాయ్ చుట్టూ దట్టమైన అడవులు. వ్యాపారం చూసుకుంటూనే అడవుల్లో తిరిగి పిట్టలను చూశాడు. అటవీ శాఖ అధికారులతో స్నేహం కలిసింది. గనిలో ఎంత సంపాదించాడో గానీ, చూసే కన్నుకు మాత్రం అక్కడే పదును పెట్టుకున్నాడు.

1917లో బొంబాయి తిరిగొచ్చారు. ఇంటివాళ్ల కోసం దావర్స్ కామర్స్ కాలేజీలో వాణిజ్య చట్టం, అకౌంట్లు చదవడం మొదలుపెట్టారు. ఈయన మనసు ఖాతా పుస్తకాల్లో లేదని సెయింట్ జేవియర్స్‌లోని ఫాదర్ బ్లాటర్ కనిపెట్టారు. జువాలజీ చదవమని నచ్చజెప్పారు. పొద్దున దావర్స్‌లో కామర్స్, తర్వాత జేవియర్స్‌లో జువాలజీ. ఒక దానిలో ఈడ్చుకొచ్చిన మనిషి రెండో దానిలో హాయిగా నడిచాడు. 1918 డిసెంబర్‌లో దూరపు బంధువు తెహ్మీనా బేగంతో నికాహ్ జరిగింది.

డిగ్రీ లేని మనిషి

పట్టుదల ఒక్కటుంటే తలుపులన్నీ తెరుచుకుంటాయని చెప్పడం తేలిక. సాలిం అలీకి అట్లా తెరుచుకోలేదు. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షి శాస్త్రవేత్త కొలువు ఉంటే, యూనివర్సిటీ డిగ్రీ లేదన్న కారణంతో దక్కలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరారు. నెలకు 350 రూపాయల జీతం. రెండేళ్లకు సెలవు పెట్టి జర్మనీ పోయి, బెర్లిన్ మ్యూజియంలో ప్రొఫెసర్ స్ట్రెసెమాన్ దగ్గర పని నేర్చుకున్నారు. 1930లో తిరిగొచ్చేసరికి నిధులు లేవని ఆ కొలువే ఎత్తేశారు.

ముప్ఫై నాలుగేళ్ల వయసు. పెళ్లైంది, ఉద్యోగం లేదు. మియాఁబీవీ ఇద్దరూ బొంబాయికి దగ్గర్లో సముద్రం ఒడ్డున ఉన్న కిహిమ్ అనే పల్లెకు మారారు. ఇంటి దగ్గరి చెట్లకు గిజిగాళ్ల గూళ్లు వేలాడుతున్నాయి. చిన్నప్పుడు గుర్రబ్బండి చాటున కూర్చున్న పిల్లవాడు మళ్లీ కదలకుండా కూర్చున్నాడు. ఈసారి చేతిలో తుపాకీ లేదు.

రోజుల తరబడి చూసి ఆయన తేల్చింది ఇది. గూడు అల్లేది మగ గిజిగాడు. సగం అల్లి ఆపుతుంది. ఆడపిట్టలు వచ్చి లోపలికి దూరి, గుంజి చూసి, నచ్చితేనే ఉంటాయి. ఒక ఆడపిట్ట ఒప్పుకున్నాక మగది గూడు పూర్తి చేస్తుంది. అది గుడ్లు పెట్టగానే మగది పోయి ఇంకో గూడు మొదలుపెట్టి, ఇంకో ఆడపిట్ట కోసం చూస్తుంది. గిజిగాడు ఊళ్లో అందరికీ తెలిసిన పిట్టే, దాని కాపురం గుట్టు మాత్రం అప్పటిదాకా ఎవరూ సరిగ్గా విప్పలేదు. 1931లో అచ్చయిన ఆ వ్యాసంతో ఆయన పేరు శాస్త్రవేత్తల్లో నిలబడింది.

మన నిజాం రాజ్యంలో

అప్పుడే సాలిం అలీ ఒక ఉపాయం ఆలోచించారు. దేశంలో చాలా సంస్థానాల పిట్టల మీద అసలు సరైన లెక్కే లేదు. దారిఖర్చు, డేరా ఖర్చు ఇస్తే చాలు, నాకు జీతం వద్దు, మీ రాజ్యం పిట్టలన్నిటినీ రాసిస్తాను అన్నారు. అట్లా మొదలైన సర్వేల్లో మన హైదరాబాద్ రాజ్యం ఒకటి. 1931, 1932లలో ఆయన నిజాం ఇలాకాలో తిరిగారు. నేటి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, కొండగట్టు అన్నీ ఆనాడు ఆ రాజ్యంలోని కరీంనగర్ జిల్లాలో భాగమే. ఆ సర్వే ఫలితాలు 1933, 1934లలో సొసైటీ పత్రికలో వరసగా అచ్చయ్యాయి. ఇప్పటికీ తెలంగాణ పిట్టల మీద ఎవరు రాసినా ఆ పేజీలు తిరగేయకుండా ముందుకు పోలేరు. కొచ్చిన్, తిరువాన్కూరు, గ్వాలియర్, ఇండోర్, భోపాల్ సర్వేలూ చేశారు.

ఈ తిరుగుళ్లలో తెహ్మీనా బేగం పక్కనే ఉన్నారు. ఇంగ్లండులో చదువుకున్న బీబీ. నగరం సుఖం వదిలి అడవి డేరాల్లో కాపురం చేశారు. ఆయన రాసిన ఇంగ్లీషును దిద్దిపెట్టారు. 1939లో ఒక చిన్న ఆపరేషన్ తర్వాత ఆమె చనిపోయారు. ఆ దెబ్బకు సాలిం అలీ కుంగిపోయారు. అక్క కమ్మూ, బావ తమ ఇంట్లో పెట్టుకుని చూసుకున్నారు. చిన్నప్పుడు మామూ, పెద్దయ్యాక అక్కాబావలు. ఈ మనిషి వెనుక ప్రతిసారీ ఒక ఇల్లు నిలబడింది.

1941లో ‘ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ వచ్చింది. బొమ్మ చూసి పిట్టను గుర్తుపట్టొచ్చు, మాటలు సులువు. పండితులకు కాదు, కిటికీలోంచి పిట్టను చూసి పేరు తెలియక తికమకపడే మామూలు మనిషి కోసం రాసిన పుస్తకం అది. డెహ్రాడూన్ జైల్లో ఉన్న నెహ్రూ ఆ పుస్తకం చదివి, కూతురు ఇందిరకు పంపించారు.

తర్వాత అమెరికా శాస్త్రవేత్త డిల్లన్ రిప్లీతో కలిసి భారత్, పాకిస్తాన్ పక్షుల మీద పది సంపుటాల గ్రంథం పూర్తి చేశారు. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ వచ్చాయి. డిగ్రీ లేదని ఉద్యోగం దక్కని మనిషికి అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ, ఢిల్లీ యూనివర్సిటీ, 1978లో మన ఆంధ్రా యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 1976లో వచ్చిన గెట్టీ బహుమతి సొమ్మును ప్రకృతి రక్షణ నిధికి ఇచ్చేశారు.

ఆయన బతికుండగానే, 1986 జనవరిలో, అంతరించిపోయిందనుకున్న కలివికోడి కడప జిల్లా చిట్టడవుల్లో మళ్లీ కనిపించింది. సొసైటీ శాస్త్రవేత్తలు వెతుకుతుంటే, దాన్ని చీకట్లో పట్టి చూపించింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. అడవిని చదవగలిగినవాడి కంటికే అది చిక్కింది.

1987 జూన్ 20న, తొంభై ఏళ్ల వయసులో, సాలిం అలీ కన్నుమూశారు.

మన పిల్లల కోసం

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. సాలిం అలీది కలిగిన కుటుంబం. బర్మాలో వ్యాపారం, బొంబాయిలో పలుకుబడి ఉన్న మామూ. మనలో చాలామందికి అవి లేవు. చదువులో తడబడ్డ ప్రతి పిల్లవాడూ సాలిం అలీ అవుతాడని కూడా కాదు. కానీ ఆయనను నిలబెట్టిన వాటిలో కొన్నిటికి పైసా ఖర్చు లేదు. ఒక నిశ్శబ్దమైన మూల, ఒక నోటుబుక్కు, వెక్కిరించకుండా జవాబు వెతికే ఒక పెద్దమనిషి.

నోటుబుక్కుతోనే మొదలుపెట్టండి. గీతలు లేనిదైతే మంచిది. రాయడం కష్టమైన పిల్లవాడు బొమ్మ గీస్తాడు. బొమ్మ కూడా కష్టమైతే ఫోన్‌లో గొంతు రికార్డు చేస్తాడు. తప్పులు దిద్దొద్దు, ఎర్ర పెన్ను ముట్టొద్దు. రోజూ ఒకే చోట, ఒకే వేళ, పావుగంట చాలు. దాబా మీద గిన్నెలో నీళ్లు, గుప్పెడు గింజలు పెడితే పిచ్చుకలు, గోరింకలు వాటంతట అవే వస్తాయి. ఎన్ని వచ్చాయి, ఏది ముందు వచ్చింది, ఏది దేన్ని తరిమింది? పుస్తకంలో అంకెలు చూసి బెదిరే పిల్లవాడు అక్కడ బెదరడు.

వానాకాలం వస్తే గిజిగాళ్లు మొదలుపెడతాయి. కొండగట్టు చుట్టుపక్కల పల్లెల్లో ఈత చెట్లకు, తుమ్మ కొమ్మలకు, బావుల మీదికి వంగిన కొమ్మలకు గూళ్లు వేలాడతాయి. ఒక గూడుకు సుమారు 18 రోజులు పడుతుంది. మగపిట్ట పోచల కోసం దాదాపు 500 సార్లు తిరుగుతుంది. సిరిసిల్ల మగ్గాల మధ్య పెరిగిన పిల్లవాడికి ఆ పడుగూ పేకా చెప్పక్కర్లేదు, మనకంటే వాడికే బాగా అర్థమవుతుంది. రాలిన పాత గూడు దొరికితే ఇంటికి తెచ్చి పోచ పోచా విప్పనివ్వండి. మళ్లీ అల్లడానికి చూస్తాడు. వేళ్లకు అదొక మంచి కసరత్తు. అయితే బావుల దగ్గరికి ఒంటరిగా పంపొద్దు. గుట్ట మీద కోతులుంటాయి, పెద్దవాళ్లు తోడుండాలి. గూట్లో గుడ్లో పిల్లలో ఉంటే చేయి పెట్టకూడదని ముందే చెప్పండి.

పొలాల గట్ల మీద హుద్‌హుద్ కనిపిస్తుంది, తల మీద కిరీటం విప్పుకుని ముక్కుతో నేల పొడుస్తుంటుంది. సులైమాన్ అలైహిస్సలామ్ కథలో విన్న పిట్టను పిల్లవాడు తన కళ్లతో చూసిన రోజు చాలాకాలం గుర్తుంటుంది. కరెంటు తీగ మీద మన రాష్ట్ర పక్షి పాలపిట్ట ఉంటుంది. పేరు తెలియని పిట్టను చూసి అడిగితే, తెలియదని ఒప్పుకుని కలిసి వెతకండి. అమీరుద్దీన్ మామూ చేసింది అదే.

ఈ పనులు చదువుకు బదులు కావు. వాడు చప్పుడు చేయకుండా కూర్చున్నాడు కదా అని మూలకు వదిలేయడానికి సాకు అసలే కావు. చదవడంలో ఇబ్బందిని డిస్‌లెక్సియా అని, రాయడంలో డిస్‌గ్రాఫియా అని, లెక్కల్లో డిస్‌కాల్కులియా అని అంటారు. తెలివికీ వీటికీ సంబంధం లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఇవీ ఉన్నాయి. ఆ చట్టం ప్రకారం పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు అడగొచ్చు. దానికి సర్టిఫికెట్ కావాలి. ముందుగా బడి హెడ్‌మాస్టర్‌ను, మండలంలోని భవిత కేంద్రాన్ని అడగండి. సిగ్గుపడి దాచిపెడితే నష్టపోయేది పిల్లవాడే.

సాలిం అలీ పిచ్చుకను పట్టుకుని మామూ గదిలోకి పోయినప్పుడు అది పనికిమాలిన సందేహమే. ఆ ఇంట్లో ఎవరైనా నవ్వి పంపించి ఉంటే అక్కడితో అయిపోయేది. రేపు మన ఇంట్లో వాడు ఒక ఈకనో, పురుగునో, రాలిన గూడునో పట్టుకుని వస్తాడు. ప్రోగ్రెస్ కార్డు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం. ముందు వాడి చేతిలో ఏముందో చూడండి.